నడిమి రొట్టె సంగతి

ధర్మాబాద్

చిన్నూ, శ్రావణీ,

దసరా సెలవులకు హైదరాబాద్ పోయొచ్చి మీరు అడిగిన ప్రశ్న మంచిదే: "తాతా, బర్గర్‌కు కింద ఒక బన్ను, మీద ఒక బన్ను చాలు గదా, నడుమ మూడోది ఎందుకు?" రుచి, ధర సంగతి కూడా అడిగిన్రు. అవి రెండూ ఈ నడిమి రొట్టె దగ్గర్నుంచే మొదలైతయి.

మూడు రొట్టెల బర్గర్లలో పేరు మోసింది మెక్‌డొనాల్డ్స్ వాళ్ల బిగ్ మ్యాక్. 1967లో అమెరికాలోని యూనియన్‌టౌన్‌లో జిమ్ డెలిగాటి అనే ఆయన తాను నడిపే మెక్‌డొనాల్డ్స్ దుకాణంలో మొదలుపెట్టిండు. ధర 45 సెంట్లు. మరుసటి ఏడు ఆ దేశమంతా పాకింది.

దాన్ని రెండంతస్తుల ఇల్లనుకోండి. కింది రొట్టె పునాది, నడిమిది స్లాబు, నువ్వులద్దింది కప్పు. కింది అంతస్తులో సాసు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, లెట్యూస్ ఆకు, చీజ్, దాని మీద మాంసం బిళ్ల. పై అంతస్తులో కూడా అదే వరుస, కాకుంటే చీజ్ బదులు వెనిగర్‌లో ఊరిన దోసకాయ చక్రాలు. స్లాబు తీసేస్తే ఏమైతది? బిళ్లలకు కొవ్వు జిడ్డు, నడుమ సాసు. ఒక్క కొరుకుకే పై బిళ్ల వెనక నుంచి జారి ఒళ్లో పడతది. నడిమి రొట్టె ఆ జిడ్డును కొంత పీల్చుకొని రెండింటినీ పట్టి ఉంచుతది.

స్లాబుకు గచ్చు చేస్తరు గదా, ఇక్కడ కూడా చేస్తరు. రొట్టె కోసిన ముఖాన్ని వేడి పెనానికి ఒత్తి ఎర్రగా కాలుస్తరు. ఆ కాలిన పొర సాసును వెంటనే లోపలికి దిగనియ్యదు. కాల్చుడు తక్కువైతే అడుగు రొట్టె నాని వేళ్లకు అంటుకుంటది. డబ్బాలో మూసి ఇంటికి తెచ్చినా ఆవిరి పట్టి అదే గతి, ఆకు కూడా వాడుతది. అందుకే అక్కడే కూచొని వేడిగా తినాలె. ఇంటి పోలిక ఇక ఆపుతున్న, ఇంటిని ఎవరూ కొరుక్కు తినరు.

రుచిలో సగం సాసుదే. మయొనైజ్, తరిగిన దోసకాయ ఊరగాయ, ఆవాల ముద్ద, వెనిగర్, ఉల్లి వెల్లుల్లి పొడులు అందులో ఉంటయి. తీపి, పులుపు, కొవ్వు. మిరపకాయల బజారు ఉన్న ఊరోళ్లం, మనకు చప్పగా అనిపించక ఏం చేస్తది! బిళ్ల పలచన, పచ్చిగా తూచితే ఒక్కోటి 45 గ్రాములే. సర్వపిండి పలచగా అద్దితే కరకర, మందంగా అద్దితే మెత్తన. పలచటి బిళ్ల కూడా అంతే, త్వరగా ఎర్రబడి కమ్మటి వాసనొస్తది గానీ లోపల రసం నిలవదు.

మన దేశంలో మెక్‌డొనాల్డ్స్ మొదటి దుకాణం 1996లో ఢిల్లీలో తెరిచిన్రు. బిగ్ మ్యాక్ బిళ్ల బీఫ్‌ది, ఇక్కడ వాళ్లు బీఫ్ అమ్మరు గనుక దాని బదులు మహారాజా మ్యాక్ వచ్చింది. ముందు మటన్‌తో, తర్వాత చికెన్‌తో.

ధర సంగతి. ఎత్తు చూసి మోసపోకండి. బిగ్ మ్యాక్ బిళ్లలు రెండూ కలిపి 90 గ్రాములు. బర్గర్ కింగ్ అనే ఇంకో కంపెనీ వాళ్ల వాపర్ బర్గర్‌లో ఉండేది ఒక్క బిళ్లే, అది పచ్చిగా 113 గ్రాములు. ఎత్తు ఎక్కువ రొట్టెతోటే వచ్చింది. ఆకలి తీరుడే లెక్కయితే నా ఓటు బిగ్ మ్యాక్‌కు పడదు. ఎకనామిస్ట్ పత్రిక మాత్రం 1986 నుంచి బిగ్ మ్యాక్ ధరతోనే దేశదేశాల డబ్బు విలువ తూస్తున్నది. మన రూపాయి వంతు వచ్చినప్పుడు మహారాజా మ్యాక్ ధరను లెక్కకు తీసుకుంటరు.

ఇక మన వడాపావ్. 1966లో ముంబై దాదర్ స్టేషన్ బయట పుట్టిందంటరు, అంటే దాదాపు బిగ్ మ్యాక్ ఈడుదే. ఒక్క అంతస్తు, స్లాబు లేదు, అయినా వడ జారదు. రేపు సాయంత్రం బండి దగ్గర నిలబడి చూడండి. పావును రెండు ముక్కలు చేస్తడా, ఒక అంచు విడవకుండా చీలుస్తడా? తడి చట్నీ ఏ పక్క పూస్తడు, పొడి వెల్లుల్లి కారం ఏ పక్క చల్లుతడు? చూసొచ్చి నాకు రాయండి.

మీ తాత