కోటా ముందొచ్చింది, ఇంటర్‌ప్రెటర్ తర్వాత

కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, డి ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం కోటా ఇచ్చింది 1977లో. అందులో ఒక శాతం బధిరులది. ఉద్యోగం వచ్చింది సరే, చేరాక మీటింగులో ఎవరేం అన్నారో వాళ్లకు ఎలా తెలియాలి? ఫోన్ మోగితే ఎవరు తీయాలి? ఈ ప్రశ్నలు చట్టం దాకా రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

1995 వికలాంగుల చట్టం కోటాకు చట్టబలం ఇచ్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తీసేయకూడదని, అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలని 47వ సెక్షన్ చెప్పింది. నడివయసులో వినికిడి తగ్గినవాళ్లకు ఇది పెద్ద అండ. కానీ అది ప్రభుత్వ సంస్థలకే. యంత్రాల హోరుతో వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం జబ్బుల జాబితాలో ఉన్నా, ప్రైవేటు మిల్లు కార్మికుడికి ఆ సెక్షన్ అక్కరకు రాలేదు.

వినికిడి లోపాన్ని ఆఫీసులు ఎలా చూశాయో రవాణా భత్యం గొడవ చూస్తే తెలుస్తుంది. అంధులకు, కాళ్లూచేతుల వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్రం 1978 నుంచే ప్రత్యేక భత్యం ఇస్తోంది. బధిరులకు ఇవ్వలేదు. నడవగలరు, చూడగలరు, ఇంకేం ఇబ్బంది అన్నట్టుగా సాగింది వ్యవహారం. బస్సులో కండక్టరు కేక, స్టేషన్లో ప్లాట్‌ఫారం మారిందన్న ప్రకటన, వెనక నుంచి హారన్... ఇవన్నీ ప్రయాణంలో భాగమేనని ఎవరికీ తట్టలేదు. బధిర ఉద్యోగుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్తే, 2013 డిసెంబరులో తీర్పు వాళ్ల వైపు వచ్చింది. మీ కష్టం అంధుల కష్టం కన్నా తక్కువ అంటూ పక్కన పెట్టడం మనిషి గౌరవాన్ని దెబ్బతీయడమేనని కోర్టు అంది. నా లెక్కలో ఆ భత్యం కన్నా ఈ మాటే విలువైనది.

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. అందులోని 'రీజనబుల్ అకామడేషన్', అంటే మనిషికి తగ్గట్టు పనిచోటులో చేయాల్సిన సర్దుబాటు, 1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేరింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన ఉద్యోగులకు ఈ సర్దుబాట్లు చేసి తీరాలి.

నిజానికి వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చుండదు. మాట్లాడేవాళ్ల ముఖం కనిపించే చోట సీటు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం, నోటిమాటతో పాటు ఒక మెయిల్, వీడియో మీటింగులో క్యాప్షన్లు, ఫైర్ అలారానికి మెరిసే లైటు. ఖరీదైనది సైగల భాష ఇంటర్‌ప్రెటర్ ఒక్కటే. వాళ్లు కూడా మన దగ్గర తక్కువే. అందుకోసం ప్రభుత్వం ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం పెట్టింది 2015లో. కోవిడ్ రోజుల్లో మాస్కులు వచ్చాక పెదవులు చూసి మాట పట్టేవాళ్లకు ఆ దారీ మూసుకుపోయింది. అప్పటిదాకా తోటి ఉద్యోగి అలా నెట్టుకొస్తున్నాడని పక్క సీటువాళ్లకే తెలియని ఆఫీసులు ఎన్నో.

సుప్రీంకోర్టులోనూ ఇది కొత్తే. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది ఆన్‌లైన్ విచారణలో ఇంటర్‌ప్రెటర్ సాయంతో వాదించారు. ఆ ఇంటర్‌ప్రెటర్ వీడియో తెరపై ఉంచడానికి మొదట సిబ్బంది ఒప్పుకోకపోతే ప్రధాన న్యాయమూర్తి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

ఇక తేలనివి రెండు. 2016 చట్టం షెడ్యూలు ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి లోపం. 50 ఉన్నవాళ్లకు మీటింగులో సగం మాటలు జారిపోయినా చేతిలో సర్టిఫికెట్ ఉండదు. రెండోది ప్రైవేటు రంగం. 20 మంది, అంతకు మించి ఉన్న కంపెనీ సమాన అవకాశాల విధానం రాసి, ఇచ్చే సదుపాయాలు, పరికరాలు అందులో చెప్పాలి. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా 10,000 రూపాయల దాకా. పెద్ద కంపెనీకి అది ఒక పూట క్యాంటీన్ ఖర్చు.