చెప్పాపెట్టకుండా రాత్రిపూట దించిన లోడు: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక ఫోను. "సార్, పదో తేదీకి తెస్తానన్న ఇటుకలు ఇరవై రెండున తెచ్చాడు. అదీ రాత్రి పదకొండింటికి, మాటామంతీ లేకుండా వాకిట్లో దించేసి పోయాడు. ఇంత ఆలస్యం చేస్తే డబ్బు కట్టక్కర్లేదట కదా, మా తోడల్లుడు చెప్పాడు." ఇటుకలు ఇప్పుడెక్కడున్నాయని అడిగాను. కాసేపు అవతల ఉలుకూ పలుకూ లేదు. తర్వాత నెమ్మదిగా, "సగం గోడకెక్కేశాయి సార్" అన్నాడు.

వకీళ్లు ప్రకటనలు వేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. ఆ లోటు తెలియకుండా తోడల్లుళ్లూ, కాలనీ వాట్సాప్ గ్రూపులూ మమ్మల్ని చూసుకుంటున్నారు. ఇసుక, కంకర, ఇటుకలు, టైల్స్, సోఫాలు, వాటర్ ట్యాంకులు... సరుకు ఏదైనా వచ్చే తగాదా ఒకటే, దాని చుట్టూ అల్లుకున్న పుకార్లూ ఒకటే. అన్నింటిలోకీ జనాన్ని ఎక్కువగా ముంచేది మాత్రం ఇది:

అపోహ: "ఆలస్యంగా తెచ్చింది వాడు. తప్పు వాడిది. ఇప్పటికి దించుకుని వాడుకుందాం, నష్టం సంగతి తర్వాత చూసుకోవచ్చు."

వాస్తవం: ఆ "తర్వాత" చాలాసార్లు మిగలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షన్ ఉంది. గడువే ముఖ్యం అనుకుని కుదుర్చుకున్న ఒప్పందంలో గడువు తప్పితే, ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకు ఉంటుంది. కానీ గడువు దాటాక వచ్చిన సరుకును మీరు తీసుకుంటే, ఆలస్యం వల్ల జరిగిన నష్టాన్ని అడగలేరు. తీసుకునేటప్పుడే "నష్టపరిహారం అడుగుతాను" అని అవతలివాడికి తెలియజేస్తే తప్ప. చట్టంలో ఉన్న మాట "తీసుకునే సమయంలో" అని. నెల తర్వాత నా చేత రాయించే లీగల్ నోటీసు ఆ లోటును పూడ్చదు.

మరి గడువు అంత ముఖ్యం కాని ఒప్పందమైతే? అప్పుడు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో సరుకు వద్దని తిప్పి పంపలేరు, జరిగిన నష్టం మాత్రం అడగొచ్చు. మీ ఒప్పందం ఈ రెంటిలో ఏ గాటన పడుతుందో చివరికి తేల్చేది జడ్జిగారు. ఆ రాత్రి గేటు దగ్గర టార్చిలైటుతో నిలబడ్డ మీకు అది తెలిసే వీలు లేదు. అందుకే ఏదైనా కానీ, ఒక మెసేజ్ పెట్టండి అంటాను. పెద్ద భాషేం అక్కర్లేదు: "పదో తేదీకి రావలసిన ఇటుకలు ఇవాళ రాత్రి పదకొండింటికి, ముందుగా చెప్పకుండా తెచ్చారు. ఆలస్యం వల్ల నాకు జరిగిన నష్టం మీ నుంచి రాబట్టుకుంటానని చెబుతూనే దించుకుంటున్నాను. సరుకు ఇంకా చూడలేదు, పగలు చూసి చెబుతాను." అంతే. నాకు ఫీజిచ్చి రాయించుకునే నోటీసు కంటే చాలా కేసుల్లో ఈ మూడు వాక్యాలకే విలువెక్కువ.

ఇక మౌనంగా వాడేసుకోవడం. వస్తు విక్రయ చట్టం (1930) 42వ సెక్షన్ ప్రకారం సరుకును మీరు "అంగీకరించినట్టు" మూడు రకాలుగా లెక్క: నోటితోనో రాతతోనో సరే అంటే, అమ్మినవాడి సొత్తుగా ఉంచకుండా మీ సొంతం చేసుకున్నట్టు ఏదైనా చేస్తే, వద్దని చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకుంటే. గోడకెక్కించడం రెండోది. ప్లాస్టిక్ పట్టా కప్పి పండగ అయ్యాక చూద్దాంలే అనుకోవడం మూడోది. విడదీయడానికి వీల్లేని (సరుకంతా కలిపి ఒకే లెక్కగా కుదిరిన) ఒప్పందంలో కొంత అంగీకరించినా మొత్తం తిప్పి పంపే దారి మూసుకుపోతుంది. డబ్బు కట్టక్కర్లేదన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, అంగీకరించిన సరుకుకు ధర కట్టాల్సిందే.

ఇదంతా ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేనూ పడ్డవాణ్ణే కాబట్టి. మా పెరట్లో గది వేసుకుంటున్నప్పుడు టైల్స్ తొమ్మిది రోజులు ఆలస్యంగా వచ్చాయి. మేస్త్రీకి, ఇద్దరు కూలీలకు ఊరికే కూలీ ఇస్తున్నాను. ఒక రాత్రి నేను భోజనానికి కూర్చుని ఉండగా ఆటో ట్రాలీ హారను. ముందుగా ఫోన్ లేదు, పాడు లేదు. వచ్చాయి, అదే పదివేలు అనుకుని దింపించాను. తెల్లారి మేస్త్రీ పని మొదలుపెట్టాడు. వారం తర్వాత ఆ కూలీ డబ్బులు బిల్లులో తగ్గించమంటే సప్లయర్ నవ్వి, "మీరు ఆ రోజు ఏమీ అనలేదుగా లాయరుగారూ" అన్నాడు. కాంట్రాక్టు చట్టం నాకంటే అతనికే బాగా తెలుసనిపించింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ గదిని "యాభై అయిదో సెక్షన్" అంటుంది.

అపోహ: "రాత్రి దించాడు కాబట్టి ఆ డెలివరీ చెల్లదు."

వాస్తవం: సగం నిజం, అందుకే ప్రమాదం. సరుకు అప్పగించడానికి వచ్చే వేళ సబబుగా ఉండాలని వస్తు విక్రయ చట్టం 36వ సెక్షన్ అంటుంది. వేళగాని వేళ తెస్తే దాన్ని చెల్లనిదిగా పరిగణించవచ్చు. ఏది సబబైన వేళ అన్నది సందర్భాన్ని బట్టి. కాంట్రాక్టు చట్టం 47వ సెక్షన్ కింద ఒక ఉదాహరణే ఇచ్చారు: జనవరి ఒకటిన గోదాముకు సరుకు చేర్చాలి, ఆ రోజే తెచ్చాడు కానీ మామూలుగా మూసే వేళ దాటాక తెచ్చాడు, ఎవరూ తీసుకోలేదు, అతను మాట నిలబెట్టుకున్నట్టు కాదు. చూశారా, "ఎవరూ తీసుకోలేదు" అన్నది అందులోనే ఉంది. మీరే గేటు తీసి, "ఆ జామచెట్టు పక్కన పోయండి" అని చోటు చూపిస్తే వేళ గురించి వాదన అక్కడితో సరి. ఫోన్లో నిద్రమత్తులో "సరే, అక్కడ పడేసి వెళ్లు" అన్నా అంతే.

ఒకాయనకు గడువు దాటాక ఇలాగే రాత్రిపూట లోడు వచ్చింది. సిమెంటు బస్తాలు ఆరుబయట దించారు, తెల్లవారుజామున వాన. నష్టం ఎవరి నెత్తిన? మామూలుగా సరుకు సొంతదారు ఎవరైతే నష్టం వారిది. అయితే అప్పగింత ఒకరి తప్పు వల్ల ఆలస్యమైతే, ఆ ఆలస్యం లేకుంటే జరగని నష్టం తప్పు చేసినవాడి మీదే పడుతుందని వస్తు విక్రయ చట్టం 26వ సెక్షన్. ముందే వచ్చి ఉంటే బస్తాలు షెడ్డులో ఉండేవని చూపగలిగాం. వానకు ముందే ఆయన "నేను ఊళ్లో లేను, బయట దించొద్దు" అని మెసేజ్ పెట్టి ఉండటం కలిసొచ్చింది. ఆ మెసేజ్ లేకపోతే నేను ఆ కేసు పట్టేవాణ్ణి కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చలానా మీద సంతకం పెడితే అంతా అయిపోయినట్టు కాదు. అది సరుకు ముట్టిందనడానికి గుర్తు, చూసుకునే అవకాశం మీకు ఇంకా ఉంటుంది (అదే చట్టం 41వ సెక్షన్). సంతకం పక్కన టైమూ, "చూడకుండా తీసుకున్నాను" అన్న ముక్కా రాయండి. వద్దన్న సరుకును మీ ఖర్చుతో తిరిగి పంపాల్సిన పని లేదు, వద్దని తెలియజేస్తే చాలు (43వ సెక్షన్). బిల్లు మీద తేదీ లేదంటే ఎప్పుడైనా తేవచ్చని కాదు, సబబైన కాలంలో పంపాలి. ఆన్‌లైన్‌లో కొన్నది చెప్పిన తేదీ దాటి వస్తే, ప్రకృతి వైపరీత్యంలాంటి కారణం ఉంటే తప్ప, అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదు. 2020 ఈ-కామర్స్ నియమాలు ఆ మాట చెబుతున్నాయి.

గేటు తీసుకుని లోపలికొచ్చిన డ్రైవరు మీద ట్రెస్‌పాస్ కేసు పెట్టిస్తామని వచ్చేవాళ్లు నెలకొకరు. భారతీయ న్యాయ సంహిత (ఇప్పటి నేరాల చట్టం) 329వ సెక్షన్ వర్తించాలంటే నేరం చేయాలనో, భయపెట్టాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. లోడు దించి త్వరగా ఇంటికెళ్లాలన్న ఉద్దేశం సరిపోదు. ఆ డ్రైవరుకు వేళ నిర్ణయించే అధికారమూ ఉండదు, అతన్ని వదిలేయండి.

ఒక రిటైర్డ్ టీచరమ్మ మాత్రం నిజంగా భయపడిపోయి వచ్చింది. ఆవిడ అడగని కంకర ఆవిడ పెరట్లో ఉంది, అడ్రసు పొరపాటు. డబ్బు కట్టమని పోలీసులొస్తారేమోనని మూడు రాత్రులు నిద్రలేదట. అడగనిదానికి కట్టక్కర్లేదమ్మా అన్నాను. కాకపోతే వాడుకోవద్దు, అమ్మొద్దు, ఫొటో తీసి చలానా మీదున్న నంబరుకు తీసుకెళ్లమని మెసేజ్ పెట్టండి. ఊరికే ఇవ్వాలని కాకుండా తెచ్చిన దాన్ని తెలిసి అనుభవిస్తే విలువ కట్టివ్వాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్. రెండు రోజుల్లో వాళ్లే వచ్చి తోడుకుపోయారు. వాకిలి ఊడ్చిపెట్టి మరీ.

వాట్సాప్ సాక్ష్యం చెల్లదన్నదీ పుకారే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఆ మెసేజ్ ఏ ఫోన్లోంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జతచేయాలి, అంతే. ఫోను అమ్మేసి స్క్రీన్‌షాట్లతో మాత్రం రాకండి. సొంతింటి కోసం కొన్న సరుకైతే మీరుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు, సరుకుకు చెల్లించింది అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అక్కడే తెగిపోయేవీ ఉంటాయి.

ఇటుకల పెద్దమనిషికి ఇదంతా అరగంట చెప్పాను. ధర కట్టేయండి, ఆ రాత్రి మీరు పెట్టిన మెసేజులు ఏమైనా ఉంటే వెతకండి, మేస్త్రీ కూలీ గురించి ఒక్క ముక్క దొరికినా నాకు పంపండి అన్నాను. అంతా విని, "ఒకసారి మా తోడల్లుణ్ణి కూడా అడిగి చెప్తా సార్" అన్నాడు.