చిప్పను వెల్లకిలా తిప్పి చూడండి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

సముద్రపు ఒడ్డున మీరు ఏరే చిప్పలలో, మెలికలు లేకుండా పైన మొనదేలి, కింద మొత్తంగా తెరుచుకుని ఉన్నవి తప్పక దొరుకుతాయి. వాటన్నిటినీ లింపెట్లని ఒకే కుప్పగా పోయడం చాలామందికి అలవాటు. అలల తాకిడికి కొట్టుకుపోకుండా రాతికి అతుక్కుని బతకవలసిన నత్తలు వేరువేరు వంశాలలో పుట్టినా దాదాపు ఇదే ఆకారానికి వచ్చాయి కనుక, పైభాగం చూసి వాటిని గుర్తుపట్టబోతే మోసపోతాం. ఎత్తును కూడా నమ్మకండి. ఒకే జాతి లింపెట్ అయినా, ఎక్కువసేపు ఎండకు ఆరే ఎగువ రాళ్లమీద పొడవుగానూ, దిగువన చదునుగానూ పెరగవచ్చు. అందుచేత చిప్ప చేతికి రాగానే వెల్లకిలా తిప్పి, లోపల చూడండి.

లోపల అడ్డుగోడ ఏదీ లేకుండా, గుర్రపు లాడం ఆకారంలో ఒక మచ్చ కనిపిస్తే అది అసలైన లింపెట్. నత్త కండరం చిప్పను పట్టుకుని ఉన్న చోటే ఆ మచ్చ. లాడం తెరుచుకున్న వైపు దాని తల ఉండేది. మచ్చ మసకగా ఉంటే చిప్పను తడిపి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. ఆ మచ్చ ఒక పక్కన తెగి, సరిగ్గా అక్కడే చిప్ప అంచు కొద్దిగా బయటికి ఉబ్బి ఉంటే, అది గాలి పీల్చగల సైఫనేరియా అనే నత్తది. ఇది అసలైన లింపెట్లకంటే నేలమీది నత్తలకే దగ్గరి చుట్టం.

కొన్నిటికి శిఖరం దగ్గర రంధ్రం ఉంటుంది. వాడిన నీటిని బయటికి పంపడానికి కీహోల్ లింపెట్‌కు పుట్టుకతో వచ్చిన ఏర్పాటు అది. అయితే ఇసుకలో దొర్లి అరిగిన మామూలు చిప్పకు కూడా మొన దగ్గర చిల్లు పడుతుంది కాబట్టి, రంధ్రం చుట్టూ లోపలివైపు వేలితో తడిమి చూడండి. దళసరిగా, నున్నగా ఒక గట్టు తగిలితే అది కీహోల్ లింపెట్. అంచు పలచగా, గరుకుగా ఉంటే అరుగుదల వల్ల పడిన చిల్లు.

స్లిప్పర్ నత్తను మాత్రం ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు. దాని మొన నడిమధ్యన కాక వెనుక అంచుకు చేరి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. లోపల దాదాపు సగభాగాన్ని కప్పుతూ తెల్లని పలచని పలక ఉంటుంది. ముందు భాగం మూసి ఉన్న చెప్పులా కనిపిస్తుంది కనుకనే ఆ పేరు. నత్త మెత్తని అవయవాలకు ఆ పలకే ఆసరా. అలలకు అది విరిగిపోయినా, లోపలి గోడమీద అది అతికి ఉన్న గీత మిగులుతుంది, వెదకండి.

ఈ రెంటి బతుకు తీరు కూడా వేరు. లింపెట్ రాతిమీది పాకుడును గీకి తింటుంది. గోయిథైట్ అనే ఇనుప ఖనిజంతో బలపడిన దాని పళ్లు సాలెపట్టుకంటే దృఢమైనవని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. చాలా లింపెట్లు మేత ముగించి తమ పాత చోటికే తిరిగి వస్తాయి. చిప్ప అంచు ఆ రాతి ఎగుడుదిగుడులకు సరిగ్గా సరిపోయి, ఆటు సమయంలో లోపలి తేమను కాపాడుతుంది. పెద్దదైన స్లిప్పర్ నత్త మాత్రం కదలకుండా, మొప్పలతో నీటిని వడగట్టి తింటుంది. అమెరికా అట్లాంటిక్ తీరానికి చెందిన క్రెపిడ్యులా ఫోర్నికేటా అనే జాతి నత్తలు ఒకదానిమీద ఒకటి ఎక్కి దొంతరగా ఉంటాయి. అన్నిటికంటే కింద ఉన్న పెద్దది ఆడది, పైనున్న చిన్నవి మగవి. అవే పెరిగాక ఆడవిగా మారతాయి. ఆల్చిప్పలతోపాటు ఇవి పంతొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాకు చేరి, కొన్నిచోట్ల సముద్రపు అడుగును కప్పేసేంతగా పెరిగాయి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను: తిప్పి చూడవలసింది ఖాళీ చిప్పలనే. రాతికి అంటుకుని ఉన్నదాన్ని వేలితో తాకగానే బిగుసుకుంటే అందులో ప్రాణముందని అర్థం. దాన్ని పెకలిస్తే కండరానికి గాయమవుతుంది, చిప్ప అంచు పగులుతుంది. అది మళ్లీ రాతిని పట్టుకోలేక ఎండిపోవచ్చు, పక్షులకు చిక్కవచ్చు. స్లిప్పర్ నత్తల దొంతర దొరికితే విడదీయకుండా పక్కనుంచి చూసి, ఎక్కడ తీశారో అక్కడే పెట్టండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య