లైసెన్సు మనిషిది, పర్మిట్ బండిది: అపోహలు - వాస్తవాలు

కర్నూలులో బండి కాగితాల పని చూస్తూ పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఈ మాఘమాసంలోనూ అదే కథ ఎదురైంది. టాక్సీ నడుపుకునే ఒక అబ్బాయి పెళ్లివారిని ఎక్కించుకుని తుంగభద్ర దాటాడు. గద్వాల చేరకముందే తనిఖీలో దొరికాడు. మర్నాడు నా దగ్గరికి వచ్చి చొక్కా జేబులోంచి నాలుగు మడతల చలానా తీశాడు. చెమటకు దాని అంచులు మెత్తబడి ఉన్నాయి. "అన్నా, లైసెన్సు దేశమంతా చెల్లుతుందని మీరే కదా చెప్పారు" అన్నాడు.

చెప్పాను, నిజమే. కానీ అతని దగ్గర లేనిది లైసెన్సు కాదు, పర్మిట్. అంటే బండిని బాడుగకు తిప్పుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి.

అపోహ: లైసెన్సు చెల్లే చోట పర్మిట్ కూడా చెల్లుతుంది.

వాస్తవం: చెల్లదు. 1988 మోటారు వాహనాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం లైసెన్సు, 46వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతాయి. పర్మిట్ సంగతి 88వ సెక్షన్‌లో ఉంది. మన రాష్ట్రం వరకే ఇచ్చిన పర్మిట్‌తో పొరుగు రాష్ట్రంలో తిరగాలంటే అక్కడివారి కౌంటర్ సిగ్నేచర్, అంటే మన పర్మిట్‌పై వాళ్ల ఆమోద సంతకం కావాలి. లేదా ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉండాలి. అదీ లేకపోతే తాత్కాలిక పర్మిట్ తీసుకుని, ఆ రాష్ట్రం పన్ను కట్టి బయలుదేరాలి. ఇవేవీ లేకుండా పట్టుబడితే చట్టంలో మొదటిసారికే పదివేల జరిమానా రాసి ఉంది. ఆ పెళ్లి బేరానికి అతనికి ముట్టింది అందులో సగం కూడా లేదు. అలంపురం జోగులాంబ గుడికి వెళ్తుంటే పక్క వీధికి వెళ్లినట్టే ఉంటుంది మనకు. 2014 జూన్ 2 నుంచి చట్టానికి మాత్రం అది వేరే రాష్ట్రం.

"ఏమీ కాదు, ఎవరూ ఆపరు" అని స్టాండులో ధైర్యం చెప్పేవాళ్ల మాట దయచేసి నమ్మకండి. చలానా కట్టేది వాళ్లు కాదు. రోగిని ఎక్కించుకుని హైదరాబాద్ పరుగెత్తాల్సి వస్తే మాత్రం పర్మిట్ కోసం ఆగవద్దు. అత్యవసరానికి, ఆ జరిమానా రాసిన 192ఎ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ఏడు రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేయాలి.

మిగతావి త్వరగా చెప్తాను. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే పిల్లలు కర్ణాటక లైసెన్సు కోసం బ్రోకర్లకు డబ్బు పోయనక్కరలేదు. ఒక మనిషికి రెండు లైసెన్సులు ఉండటమే నేరం. సొంత కారు నంబరు వెళ్లిన వారానికే మార్చనక్కరలేదు. పన్నెండు నెలలు మించి అక్కడే ఉంచితేనే మార్చాలి. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకుల బండికి పర్మిటే అక్కరలేదు.

రాష్ట్రాలు ఒకరి పర్మిట్‌ను మరొకరు గుర్తించాలా అని అడిగితే, కనీసం సరిహద్దు జిల్లాల వరకైనా గుర్తించి తీరాలంటాను. లారీలకు 2010 నుంచి ఒకే రుసుముతో నేషనల్ పర్మిట్ నడుస్తోంది. రాష్ట్రాల మధ్య పన్ను వాటాలు అక్కడ తేలినప్పుడు, ఏడాదికి నాలుగుసార్లు నది దాటే టాక్సీ దగ్గర ఎందుకు తేలవు?

ఆ అబ్బాయికి వచ్చే నెల రాయచూరు బేరం ఉందట. ముందురోజే వచ్చి తాత్కాలిక పర్మిట్ పెట్టించుకుంటానని చెప్పి వెళ్లాడు.