పైపు బయటి నుంచే ఇసుకను వినడం

చిన్నూ, పండూ,

గ్యాస్ బావిలోంచి ఇసుక కూడా వస్తుందా, వస్తే పైపు విప్పకుండా ఎలా తెలుస్తుంది తాతయ్యా అని అడిగారు. వస్తుంది. గ్యాస్ చాలాచోట్ల ఇసుకరాయి పొరల్లోనే ఉంటుంది. ఆ రాయి వదులుగా ఉండి, నీళ్లు కూడా చేరితే రేణువులు ఊడి గ్యాస్‌తో కొట్టుకొస్తాయి. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున కొన్ని బావుల్ని నీళ్లు, ఇసుక చేరడం వల్లే మూసేయాల్సి వచ్చింది.

ఎల్బో, అంటే పైపు మలుపు తిరిగే చోట, గ్యాస్ ఇట్టే తిరిగిపోతుంది. బరువున్న రేణువు తిరగలేక, వచ్చిన ఊపు మీదే వెళ్లి బయటి గోడకు కొట్టుకుంటుంది. అలా కొడుతూ ఉంటే ఉక్కు కూడా అరిగి చిల్లు పడుతుంది. కానీ ప్రతి దెబ్బకూ చప్పుడు పుడుతుంది, మనకు దొరికే ఆనవాలు అదే. మన చెవి సెకనుకు 20 వేల కంపనాలు దాటితే వినలేదు, పైపు బయట బిగించే ఇసుక సెన్సర్ లక్షల్లో వింటుంది. గ్యాస్ రొద చాలావరకు అంతకంటే కిందే ఉండిపోతుంది మరి.

ఆ సెన్సర్‌ను ఎల్బో దాటగానే బయటివంపు వైపు బిగిస్తారు. ముందు రంగు గీకేసి, లోహం మీద కాస్త గ్రీజు రాస్తారు. మధ్యలో రంగు పెచ్చున్నా చప్పుడు నీరసపడిపోతుంది. లోపల ఉండేది ఒత్తిడికి కరెంటు పుట్టించే స్ఫటికం. ఆ గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. వంటింట్లో గ్యాస్ లైటర్ టక్కుమంటే నిప్పురవ్వ వచ్చేదీ దాని పుణ్యమే.

వినడం తేలికే. ఏది ఇసుకో తేల్చడమే తలనొప్పి, నీటి తుంపర్లు గోడకు కొట్టుకున్నా చప్పుడే కదా! అందుకే ఇసుక లేనప్పుడు ఏ వేగానికి ఎంత రొద వస్తుందో ముందే రాసిపెట్టుకుంటారు. తర్వాత తూచిన ఇసుకను లోపలికి ఎక్కించి మీటర్ ఎంత కదిలిందో చూస్తారు. ఈ రెండో పని చేయని చోట మీటర్ చూపే గ్రాముల లెక్కను నేనైతే నమ్మను. వేగం రెట్టింపైతే అదే రేణువు దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది. వేగంగా వచ్చిన పిడికెడు, నెమ్మదిగా వచ్చిన దోసెడు ఒకేలా వినిపించొచ్చు. మరీ సన్నటి రేణువులైతే గోడను తాకకుండానే జారుకుంటాయి.

ఇసుకేనని తేలితే బావి నుంచి వచ్చే గ్యాస్‌ను తగ్గించే చోక్ వాల్వ్‌ను కొద్దికొద్దిగా బిగిస్తారు. ఒక్కసారిగా మూస్తే ఆ కుదుపుకు ఇంకా రేణువులు ఊడొచ్చు.

మన బోరు పైపుకు కట్టొచ్చా అన్నావు పండూ. మనది పీవీసీ, అంత సన్నని చప్పుడును ప్లాస్టిక్ మింగేస్తుంది. బకెట్‌లో నీళ్లు పట్టి, కాసేపాగి అడుగున చూడు, చాలు.

మీ తాతయ్య