“ఇది 4కెయేనా బాబూ?”: టీవీ కొనేవారి అపోహలు - వాస్తవాలు

బరంపురంలో టీవీలు అమ్మడం, గోడకు బిగించడం, సెట్టింగులు సరిచేయడం నా పని. ఇచ్ఛాపురం నుంచి వచ్చినవారైనా, గోపాల్‌పూర్ నుంచి వచ్చినవారైనా కొట్టులో అడుగుపెట్టగానే అడిగేది ఒకటే: “ఇది 4కెయేనా బాబూ?” అడగాల్సిన వాటిలో అది నాలుగోదో ఐదోదో.

అపోహ: 4కె అయితే బొమ్మ నాలుగింతలు బాగుంటుంది.

నాలుగింతలయ్యేది తెర మీది చుక్కలే, అంటే పిక్సెళ్లే. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080, అంటే 20.7 లక్షల పిక్సెళ్లు. 4కెలో 3840 × 2160, దాదాపు 83 లక్షలు. అవి కంటికి ఆనాలి కదా! పక్కపక్క చుక్కలు మామూలు చూపుకు విడిగా తెలియాలంటే వాటి మధ్య కోణం కనీసం డిగ్రీలో 60వ వంతు ఉండాలి. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీకి ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే చుక్కలు కలిసిపోతాయి. 55 అంగుళాలకు ఆ దూరం సుమారు ఏడడుగులు. మన పాత వీధుల ఇళ్లు ఇరుకుగా, పొడుగ్గా ఉంటాయి, టీవీ ఒక కొసన, మంచం ఇంకో కొసన. అక్కడినుంచి తేడా చెప్పమంటే నేనూ చెప్పలేను. పైగా 43 దాటితే ఇప్పుడొచ్చేవి దాదాపు అన్నీ 4కెలే. చవకదానికీ ఖరీదుదానికీ తేడా వేరేచోట ఉంది.

అపోహ: నలుపు ఏ టీవీలోనైనా నలుపే.

ఆ తేడా ఉన్నది ఇక్కడే. మామూలు ఎల్ఈడీ టీవీలో తెర వెనక దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ముందున్న పొర ఆ వెలుగును ఆపాలి. ఆ పొరనే ప్యానెల్ అంటారు. ఐపీఎస్ రకం ప్యానెల్ అయితే తెలుపు, నలుపుల తేడా సుమారు 1000:1. వీఏ ప్యానెల్‌లో అది 3000:1, ఆ పైన కూడా ఉంటుంది. వెనక దీపాలే ఉండని ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తానే ఆరిపోతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపే.

ఒకావిడ రాత్రి ముహూర్తం పెళ్లి వీడియో తెచ్చి రెండు టీవీల్లో పెట్టించుకున్నారు. పెళ్లికూతురిది ముదురు మెరూన్ బరంపురం పట్టు. ఐపీఎస్ తెర మీద పందిరి వెనక చీకటి బూడిదరంగుకు తిరిగింది, చీర మడతలన్నీ ఒకే ముద్ద. పక్కనే వీఏలో మడత మడతా విడిగా తెలిసింది, జరీ అంచు మెరిసింది. రెండూ 4కెలే! అయితే వీఏని పక్కనుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది. చుట్టూ కూర్చుని చూసే ఇంటికి ఐపీఎస్ నయం.

అపోహ: హెచ్‌డీఆర్ అని రాసుంటే హెచ్‌డీఆర్ కనిపిస్తుంది.

హెచ్‌డీఆర్ అంటే వెలుగుకూ చీకటికీ ఎక్కువ తేడా చూపే వీడియో. ఆ సంకేతాన్ని టీవీ అందుకోగలదని మాత్రమే ఆ రాతకు అర్థం. హెచ్‌డీఆర్ సినిమాలను ఎక్కువగా 1000 నిట్ల వెలుగుకు తయారుచేస్తారు (నిట్ అంటే తెర వెలుగుకు కొలత). చవక టీవీ చాలాసార్లు 250, 300 నిట్ల దగ్గరే ఆగిపోతుంది. నిట్లు ఎన్నో, చీకటి ఉన్నచోట వెనక దీపాలను తగ్గించే లోకల్ డిమ్మింగ్ ఉందో లేదో అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే మీకు అర్థమవుతుంది.

అపోహ: 4కె టీవీలో అన్ని ఛానళ్లూ 4కెలో వస్తాయి.

రావు. డీడీ ఫ్రీ డిష్‌లో ఎక్కువ ఛానళ్లు మామూలు ఎస్‌డీ, 720 × 576. అందులోని ఒక్కో చుక్కని 4కె తెర 20 చుక్కలుగా పరచాలి. ఒకటి అసలుది, మిగతా 19 టీవీ అల్లుకున్నవి. అల్లే ప్రాసెసర్ బలహీనమైతే సీరియల్లో మొహాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి, పాత టీవీయే నయమనిపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ అయినా 4కెకి 15 ఎంబీపీఎస్ నెట్ వేగం కావాలంటుంది. ఫుల్ హెచ్‌డీకి 5 చాలు.

అపోహ: కొట్టులో ధగధగలాడిందే మంచి టీవీ.

మేము వివిడ్ మోడ్‌లో పెడతాం, దాచడానికేముంది? తెలుపు నీలంగా మారుతుంది, మొహాలు ఎర్రబడతాయి, కొట్టులోని ట్యూబులైట్ల వెలుగులో అదే కంటిని లాగుతుంది. ఇంటికెళ్లాక సినిమా మోడ్‌గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్‌గానీ పెట్టండి. మొదట్లో పసుపుగా అనిపిస్తుంది, కొన్నాళ్లకు కన్ను అలవాటుపడుతుంది. షార్ప్‌నెస్ తగ్గించండి, అది కొత్త వివరమేమీ తేదు, అంచుల చుట్టూ తెల్లగీత గీస్తుంది. సినిమా సీరియల్లా జారుతున్నట్టుంటే కదలికను నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి.

8కె సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. 3.3 కోట్ల పిక్సెళ్లు, వాటిలో వేసుకోవడానికి సరుకు దాదాపు లేదు.

కొనడానికొచ్చేటప్పుడు మీ ఇంటి రాత్రి వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకు రండి. మా డెమోలో అన్నీ చిలకలూ పళ్లూ పట్టపగటి బొమ్మలే.