బటన్ మీద వత్తు ఎందుకు తెగిపోతుంది?

ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య ఒక ప్రశ్న పంపింది. వాళ్ల నాన్నగారి కొట్టు కోసం పైథాన్‌లో, క్యూటీ టూల్‌కిట్‌తో (కిటికీలు, బటన్లు గీసిపెట్టే సిద్ధపు కోడ్) చిన్న బిల్లింగ్ అప్లికేషన్ రాస్తోందట. బటన్ల మీద పేర్లన్నీ తెలుగులోనే ఉండాలని నాన్నగారి పట్టుదల. కానీ "చెల్లింపు" అని రాసిన బటన్ "చెలింపు" అని కనిపిస్తోంది. "పన్ను" కాస్తా "పను" అయింది. కోడ్‌లో స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. తన పాత కంప్యూటర్‌లో బాగానే కనిపించేదని, కొట్లో పెట్టిన కొత్త ల్యాప్‌టాప్‌లోనే వత్తులు మాయమవుతున్నాయని కూడా రాసింది. ఆ చివరి ముక్క రాసినందుకు ఆమెను మెచ్చుకోవాలి. సగం జవాబు అందులోనే ఉంది.

తెర మీద తెలుగు పాడయ్యే తీరులు చాలా ఉన్నాయి. ఒక్కో తీరుకు ఒక్కో కారణం. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ ఫాంటులో తెలుగు లేదు, ప్రత్యామ్నాయ ఫాంటు కూడా దొరకలేదు. "చెల్‌లింపు" అని పొల్లు విడిగా కనిపిస్తే ఫాంటు ఉంది కానీ అక్షరాలను కూర్చే పని జరగలేదు. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో "చెల్లింపు" అంటే తొమ్మిది సంకేతాల వరుస: చ, ఎత్వం, ల, పొల్లు, ల, గుడి, సున్న, ప, కొమ్ము. ల వత్తు అనే వస్తువు ఆ వరుసలో ఎక్కడా లేదు. ల, పొల్లు, ల వరుసగా వచ్చాయి కాబట్టి రెండో ల ను వత్తుగా మార్చి కింద పెట్టాలని తేల్చేది షేపింగ్ ఇంజిన్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీస్, క్యూటీ వాడే హార్ఫ్‌బజ్ అలాంటిదే. ఇక కిటికీ మొత్తం మసకగా ఉంటే, అప్లికేషన్ గీసిన బొమ్మను విండోస్ సాగదీసి చూపిస్తోందని అర్థం.

ఈ అమ్మాయి సమస్య వీటిలో ఏదీ కాదు. డబ్బాలు లేవు, పొల్లు లేదు, మసక లేదు. వత్తు ఒక్కటే లేదు.

ఇలాంటప్పుడు నేను మొదట చేయమనేది తెరను పెద్దది చేసి చూడటం. విండోస్ మీటతో పాటు ప్లస్ మీట నొక్కితే మాగ్నిఫయర్ తెరుచుకుంటుంది. ఎనిమిది రెట్లు పెంచి బటన్‌లోని అక్షరం అడుగు భాగాన్ని చూడండి. మామూలుగా అక్షరం వంపు చివర ముదురు రంగు ఒక్కసారిగా ఆగదు. ముదురు, దాని పక్కన లేత, దాని పక్కన ఇంకా లేత పిక్సెళ్లతో మెల్లగా నేపథ్యంలో కలిసిపోతుంది. వంపు నున్నగా కనిపించడానికి చేసే ఏర్పాటది. అదే వత్తు తెగిన చోట చూస్తే, ముదురు పిక్సెళ్లు ఒక అడ్డగీత దగ్గర టక్కున ఆగిపోతాయి. కింద లేత రంగు జాడ ఉండదు. అంటే ఇంజిన్ వత్తును కూర్చింది, ఫాంటు ఆకారం ఇచ్చింది, గీత గీయడం కూడా మొదలైంది. ఆ తర్వాత ఎవరో కత్తిరించారు. ఒక్క నిమిషం చూపుతో సగం అనుమానాలు తొలగిపోతాయి.

కత్తిరించేదెవరు? టూల్‌కిట్టే. కావాలనే కత్తిరిస్తుంది. తెర మీద ప్రతి బటన్‌కూ, ప్రతి లేబుల్‌కూ ఒక దీర్ఘచతురస్రం సొంతం. మౌస్ మీదికి రాగానే బటన్ రంగు మారాలంటే ఆ దీర్ఘచతురస్రం వరకు మళ్లీ గీస్తే చాలు. బటన్ తన హద్దు దాటి పక్కవాళ్ల స్థలంలో గీస్తే, పక్కవాళ్లు తమను తాము మళ్లీ గీసుకున్నప్పుడు ఆ ముక్క చెరిగిపోతుంది, లేదా పాత మరక అక్కడే ఉండిపోతుంది. అందుకే హద్దు బయట పడ్డ పిక్సెల్ ఏదైనా గీయకూడదన్నది గట్టి నియమం. కాబట్టి అడగాల్సిన అసలు ప్రశ్న ఆ హద్దు అంత చిన్నదిగా ఎందుకుంది అన్నది.

ఇక్కడ చిన్నప్పటి నాలుగు గీతల కాపీ పుస్తకం గుర్తు చేసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు అందులోనే దిద్దాం. ఎ, సి లాంటి చిన్నక్షరాలు మధ్య రెండు గీతల్లో ఇమిడిపోతాయి. బి, హెచ్ పై గీత దాకా లేస్తాయి. జి, వై తోకలు అడుగు గీత దాకా దిగుతాయి. అడుగు గీతకు దిగువన ఏ అక్షరానికీ పని లేదు. కంప్యూటర్ ఫాంటు లోపల ఉన్నది సరిగ్గా ఈ కాపీ పుస్తకమే. అక్షరం కూర్చునే గీత నుంచి పైకి ఎంత చోటు, కిందికి ఎంత చోటు అన్న రెండు అంకెలు ప్రతి ఫాంటూ మోసుకు తిరుగుతుంది. విస్టా కాలం నుంచి విండోస్‌లో కనిపించే సెగో యూఐ ఫాంటును చూడండి. విండోస్ స్కేల్ (తెర మీది వస్తువులను ఎంత పెద్దవిగా చూపాలన్న అమరిక) 100 శాతం ఉంటే 9 పాయింట్లంటే 12 పిక్సెళ్లు. ఆ సైజులో గీత కింద ఆ ఫాంటు వదిలే చోటు సుమారు 3 పిక్సెళ్లు. వై తోకకు అది సరిపోతుంది. ల వత్తుకు ఏం సరిపోతుంది! తెలుగు రాసేటప్పుడు మనం ఒంటి గీత పుస్తకంలో గీత మీద అక్షరం పెట్టి, వత్తును గీత కింద ఖాళీలోకి దింపుతాం. పై వరుసలోని "రాష్ట్రం" వత్తులు, కింది వరుసలోని "కీ" గుడిదీర్ఘం ఢీకొట్టకుండా వరుసల మధ్య ఎడం వదలమని మాస్టార్లు చెప్పేది అందుకే. ఇంగ్లిష్ కాపీ పుస్తకంలో తెలుగు దిద్దితే వత్తు అడుగు గీత దాటుతుంది. కాగితం మీద దాటితే ఫర్వాలేదు, కింద కాగితం ఉంటుంది. బటన్ అంటే ఒకే ఒక్క వరుస ఉంచి, అడుగు గీత వెంబడి కత్తెరతో కోసేసిన కాగితం.

అందులోనూ ఒక మెలిక. సెగో యూఐలో తెలుగు అక్షరాలు లేవు. వాటిని నిర్మలా యూఐ అనే మరో ఫాంటు నుంచి అరువు తెచ్చుకుంటారు. విండోస్ ఎక్స్‌పీలో ఆ పని గౌతమిది, విండోస్ 8 నుంచి నిర్మలాది. అక్షరం ఒక ఫాంటుది, ఎత్తు లెక్క మరో ఫాంటుది అయ్యే ప్రమాదం ఇక్కడే పుడుతుంది. పైగా ఫాంటు ఫైలులో ఎత్తులు ఒకటి కాదు, మూడు జతలు ఉంటాయి. హెచ్‌హెచ్‌ఈఏ పట్టికలో ఒక జత, ఓఎస్/2 పట్టికలో టైపో పేరుతో ఒకటి, విన్ పేరుతో ఇంకొకటి. మ్యాక్ మొదటిదాన్ని చూస్తుంది. విండోస్ పాత గ్రాఫిక్స్ పద్ధతి మూడోదాన్ని చూసి, దాని బయట పడ్డదాన్ని కోసేసేది. ఈ మూడింటినీ పొంతన లేకుండా వదిలేసిన ఫాంటు ఒక యంత్రంలో ముద్దుగా, మరో యంత్రంలో కాళ్లు తెగి కనిపిస్తుంది.

ఇప్పుడు పాత కంప్యూటర్, కొత్త ల్యాప్‌టాప్ తేడా. ఆమె పంపిన కోడ్‌లో బటన్ ఎత్తును సెట్‌ఫిక్స్‌డ్‌హైట్ అనే ఆదేశంతో 28 పిక్సెళ్లకు బిగించింది. రూపురేఖలు చెప్పే స్టైల్‌షీట్‌లో అంచు 1 పిక్సెల్, లోపలి ఖాళీ 3 పిక్సెళ్లు. పైనా కిందా కలిపి 8 పోతే అక్షరాలకు మిగిలేది 20. సెగో యూఐ లెక్కన 12 పిక్సెళ్ల అక్షరానికి వరుస ఎత్తు సుమారు 16. పాత కంప్యూటర్‌లో 20 లో 16 హాయిగా పట్టింది, వత్తుకూ కాస్త చోటు మిగిలింది. కొత్త ల్యాప్‌టాప్ తెర చిన్నది, పిక్సెళ్లు దట్టం, అందుకని విండోస్ స్కేల్ 150 శాతం. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. విండోస్ 100 శాతం వద్ద అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కిస్తే, 150 శాతం వద్ద 144 లెక్కిస్తుంది. కాబట్టి 9 పాయింట్ల ఫాంటు 12 నుంచి 18 పిక్సెళ్లకు పెరిగింది, వరుస ఎత్తు 24 అయింది. బటన్ మాత్రం పిక్సెళ్లలో బిగించినది. క్యూటీ 5 లో పిక్సెళ్ల కొలతలు కూడా విండోస్ స్కేల్‌తో పాటు పెరగాలంటే స్కేలింగ్‌ను మనమే ఆన్ చేయాలి, ఆమె చేయలేదు. దాంతో ఆ 28 అలాగే ఉండిపోయింది. 20 లో 24 కూర్చోవాలి. నడిమధ్యన పెట్టమన్నాం కాబట్టి పైన 2, కింద 2 పోతాయి. పైన పోయింది ఖాళీ జాగా, ఎవరూ గమనించరు. కింద పోయింది వత్తు.

క్యూటీ 6 లో స్కేలింగ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అయినా బిగించిన ఎత్తు ప్రమాదకరమే. స్కేల్ 125 శాతమైతే 23 పిక్సెళ్లు 28.75 అవుతాయి, ఆ ముప్పాతిక పిక్సెల్‌ను ఎటో ఒకవైపు సర్దాలి.

ఇలాంటి చోట ఎంతోమంది చేసేది చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎత్తు 28 ని 31 చేస్తారు, కుదరకపోతే 34. ఫాంటు ఒక పాయింట్ తగ్గిస్తారు. లేబుల్ చివర ఒక ఖాళీ చేరుస్తారు. ఎప్పుడో ఒకసారి సరిపోయిన అంకెను అన్ని ప్రాజెక్టుల్లోకీ తాయెత్తులా మోసుకెళ్తారు. కారణం తెలియకుండా ఫలితం వస్తే పుట్టేది నమ్మకమే, జ్ఞానం కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" కు చెందిన ఒక ప్రత్యేకమైన సంకేతాల వరుస ఐఫోన్లలో, మ్యాక్‌లలో అప్లికేషన్లను పడగొట్టింది. వరుస మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత సంకేతం ఉండటం, ఆపిల్ అక్షరాలు కూర్చే కోడ్ దాన్ని తట్టుకోలేకపోవడం అసలు సంగతి. ఐఓఎస్ 11.2.6 తో సరిచేశారు. కానీ ఆ రోజుల్లో చాలామంది తెలుగు అక్షరానికే ఏదో శాపం ఉన్నట్టు మాట్లాడుకున్నారు. తప్పు లిపిది కాదు, లెక్కది.

కోర్సుల్లో డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టే పద్ధతి మీద కూడా నాకు ఫిర్యాదుంది. మొదటి రోజే సెట్‌జామెట్రీ ఇచ్చి, ఎడమ నుంచి ఇంత, పై నుంచి ఇంత, వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని నాలుగు అంకెలు రాయిస్తారు. బటన్ మీద "హలో" అని ఇంగ్లిష్‌లో రాయిస్తారు. రెండూ కలిసి పిల్లలకు తప్పు లోకాన్ని చూపిస్తాయి. నిజానికి ఆధునిక టూల్‌కిట్‌లో ఎత్తు ఒక సంప్రదింపు. "నీకెంత చోటు కావాలి?" అని పై డబ్బా లోపలి వస్తువును అడుగుతుంది. వస్తువు తన ఫాంటును, తన మాటను కొలిచి జవాబిస్తుంది. క్యూటీలో దాన్ని సైజ్‌హింట్ అంటారు, మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూపీఎఫ్ టూల్‌కిట్‌లో ముందు కొలిచే విడత, తర్వాత సర్దే విడత. మనం అంకె బిగించామంటే ఆ వస్తువు నోరు నొక్కేసినట్టే.

అనుమానం తీరడానికి చేసే పరీక్ష కూడా దీన్నిబట్టే. ఫాంటును ముట్టుకోకుండా బటన్ ఎత్తును మాత్రం కాసేపు 80 చేయండి. వత్తు ప్రత్యక్షమైతే నేరం బటన్ హద్దుది. అప్పటికీ రాకపోతే ఫాంటు ఎత్తుల పట్టికనో, షేపింగ్‌నో పట్టుకోవాలి. హద్దులు కళ్లకు కట్టాలంటే ఒక్కో వస్తువుకు ఒక్కో నేపథ్య రంగు వేయండి. ఎర్ర అంచు మాత్రం గీయకండి. స్టైల్‌షీట్‌లో అంచు కూడా చోటు తింటుంది, ప్రతి వైపూ ఒక పిక్సెల్ కొరికేసి మీరు కొలిచేదాన్నే మార్చేస్తుంది. వెబ్ పేజీల పద్ధతిలో నడిచే ఎలక్ట్రాన్ టూల్‌కిట్‌తో చేసిన అప్లికేషన్లలో ఔట్‌లైన్ అనే లక్షణం ఉంది, అది చోటు తినదు కాబట్టి అక్కడ నిశ్చింతగా గీసుకోవచ్చు.

ఆ అమ్మాయికి రాసిన చికిత్స చిన్నదే. సెట్‌ఫిక్స్‌డ్‌హైట్ తీసేయాలి. నోటో సాన్స్ తెలుగు లాంటి తెలుగు ఫాంటును అప్లికేషన్ మొత్తానికి అసలు ఫాంటుగా పెట్టాలి, అప్పుడు కొలతలు తెలుగు అక్షరాలవే వస్తాయి. "చెల్లింపు"తో ఆగకుండా "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" పెట్టి 100, 125, 150 స్కేళ్లలో చూడాలి.

ఇంకో పని మిగిలే ఉంటుంది. బటన్లు తమంతట తాము పెరుగుతాయి కానీ బిల్లు పట్టికలోని వరుసలు పెరగవు. క్యూటీ పట్టికలో అన్ని వరుసలకూ ఒకే ముందస్తు ఎత్తు ఉంటుంది, లోపలి మాట చూసి అది మారదు. "బెల్లం", "ఉల్లిపాయ", "పచ్చిమిర్చి" అన్నింటికీ కింద వత్తులే. రిసైజ్‌రోస్‌టుకంటెంట్స్ అనే ఆదేశాన్ని పిలిస్తే వరుసలు మాటకు తగ్గట్టు పెరుగుతాయి. వరుసకు 6 పిక్సెళ్లు పెరిగినా ఇరవై వరుసలకు 120. ఎత్తు 768 పిక్సెళ్లే ఉన్న తెర మీద అంతకాలం కనిపించిన "మొత్తం" అనే గడి కిందికి జారిపోతుంది. దాన్ని పట్టిక నుంచి విడదీసి కిటికీ అడుగున విడిగా కూర్చోబెడితే, పట్టిక ఎంత పొడుగైనా మొత్తం కనిపిస్తూనే ఉంటుంది.